పదకొండో ముడి

ముప్పై ఏళ్ళకు పైగా మోస్తున్నాను దీన్ని. నా భార్యకు కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. బహుశా అందుకే మీ ముందు నోరు పెగులుతోంది.

పంతొమ్మిది వందల యాభైల చివరి మాట. అప్పుడు నేను బుక్కరాయసముద్రం దగ్గర బడిలో అయ్యవారిని. ఎండాకాలం సెలవుల్లో చెరువు మీది పక్షుల్ని పరిశోధించడానికి మద్రాసు నుంచి ఒక సారు వచ్చారు. ఎర్రకాళ్ళ కొంగలు ఏటికేడు తగ్గిపోతున్నాయని ఆయన దిగులు. వాటిని పట్టి, కాలికి నంబరున్న రేకు తొడిగి వదలాలి. జీతం లేకపోయినా నేనే వెంటపడి ఆయనకు సహాయకుడిగా చేరాను. మెడలో బైనాక్యులర్ వేసుకుని తిరగడం గొప్పగా ఉండేది. ఏం దాచుకోను?

కొంగల్ని పట్టేది మాత్రం మస్తానన్న. తాతల నాటి నుంచీ వాళ్ళది అదే పని. చదువు రాదు. బురదలో ఒక ఉచ్చు పెడితే నడుముకున్న తాడుకు ఒక ముడి వేసేవాడు. సాయంత్రం ఉచ్చు ఎత్తితే ఆ ముడి విప్పేవాడు. తాడులో ఒక్క ముడి మిగిలినా గట్టెక్కేవాడు కాదు.

ఆ రోజు ఆయనకు జ్వరం. పొద్దున ఉచ్చులు పెట్టగలిగాడు గానీ, సాయంత్రానికి వణుకుతూ గట్టు మీద కూలబడ్డాడు. తాడు నా చేతికిచ్చాడు. పది ఎత్తాను, పది ముళ్ళు విప్పాను. పదకొండోది చెరువు నడిమధ్యన, తొడల్లోతు బురద అవతల ఉంది. ఆకలి, చిరాకు. రేపు తీస్తే కొంపేం మునుగుతుందనుకున్నాను. అక్కడిదాకా అది ఒట్టి సోమరితనమే. మరి ఆ ముడి కూడా ఎందుకు విప్పాను? చూస్తే మళ్ళీ బురదలోకి పంపుతాడని. అంతే. అంతకన్నా పెద్ద కారణం ఏదైనా దొరుకుతుందేమోనని ఇన్నేళ్ళూ నన్ను నేను తవ్వుకుని చూసుకున్నాను. లేదు.

"అన్నీ ఎత్తేసినారా అయ్యోరా?"

"ఎత్తేసినా అన్నా."

తాడును కొస నుంచి కొసకు వేళ్ళతో తడిమి చూశాడు. "సరే, పోదాం పా."

తెల్లారి వెళ్ళేసరికి పదకొండో ఉచ్చులో కొంగ చచ్చి పడి ఉంది. తన్నుకుని తన్నుకుని కాలు విరిగింది. సారు మండిపడ్డారు. నేనింకా మాట వెతుక్కుంటుండగానే మస్తానన్న ముందుకొచ్చాడు.

"తప్పు నాదే సారూ. ముడి ఏసేది మరిసిపోయినట్టుండా."

జ్వరం మాటైనా ఎత్తలేదు. నేను తేలుకుట్టిన దొంగలా నిలబడ్డాను. సారు అప్పటికప్పుడే ఆయన్ని పనిలోంచి తీసేశారు.

ఆ కొంగలొస్తేనే వానలొస్తాయని మా వైపు నమ్మకం. ఆ ఏడు వాన ముఖం చాటేసింది. వేసిన శనక్కాయ విత్తనం మట్టిలోనే మాడింది. కొంగను చంపినోడని మస్తానన్నను చెరువు గట్టు తొక్కనివ్వలేదు. పెళ్ళాం పిల్లలతో తనకల్లు వైపు వెళ్ళిపోయాడు. అప్పుడైనా చెప్పొచ్చు కదా? అయ్యవారి మాటకు విలువ పోతుందని భయపడ్డాను. ఏం విలువ అది, థూ!

కొన్నేళ్ళకు కదిరి సంతలో కనబడ్డాడు. మూటలు మోస్తున్నాడు. నన్ను చూసి సంబరపడి టీ ఇప్పించాడు. ఉచ్చులు వేయడం లేదా అన్నా అని అడిగాను. ఎందుకడిగానో! ఆయన తన చేతుల కేసి చూసుకున్నాడు.

"లేదయ్యోరా. ఈ చేతుల్ని నమ్మేకి లేదు."

ఆ టీ తాగేసి వచ్చాను. చెప్పకుండానే వచ్చాను.

మొన్న ఎవరో చెప్పారు, మస్తానన్న పోయాడట. ఇక అడగడానికి మనిషి లేడు, క్షమించడానికీ లేడు. అయినా ఒక్కరికైనా తెలియాలి. ఆయన ఏమీ మరిచిపోలేదు. పదకొండు ఉచ్చులు పెట్టాడు, అంత జ్వరంలోనూ పదకొండు ముళ్ళు వేశాడు. చివరిది విప్పింది నేను.