మిరప కల్లం పక్కన సంపెంగ

మా ఆవిడ పుట్టిల్లు సింగరాయకొండ దగ్గర, ఇసుక నేల. వాళ్ల పెరట్లో సంపెంగ చెట్టు ఉండేది. పెళ్లయి మా నల్లరేగడిలోకి వచ్చిన రోజు నుంచి ఆవిడది ఒకటే మాట: "ఏమండీ, మనింట్లో ఒక్క సంపెంగ వేద్దాం." చీర అడిగినా నాకింత భయం ఉండేది కాదు. రేగట్లో నీళ్లు నిలుస్తాయని, సంపెంగ వేరు కుళ్లిపోతుందని ఊళ్లో అందరూ అన్నారు.

సరే, పౌరుషానికి పోయాను. ఒంగోలు నర్సరీ నుంచి అంటు మొక్క తెచ్చాను. రెండో ఏటికే పూస్తుందన్నాడు నర్సరీ అతను. వాకిలికి ఎదురుగా, మిరపకాయ ఎండబోసే కల్లం పక్కన గొయ్యి తీసి, రేగడి ఎత్తిపోసి, ట్రాక్టరుతో ఎర్రమట్టి తోలించి మరీ నాటాను.

అక్కడితో ఆగితే బాగుండేది. నేను మిరప రైతుని. మొక్క గురించి నాకు తెలిసిందల్లా, అది అడగకముందే పెట్టడం. మిరపకు డీఏపీ వేసిన రోజు సంపెంగకు ఓ దోసెడు. యూరియా చల్లిన రోజు ఇంకో దోసెడు. తామర పురుగుకి మందు కొట్టి ఇంటికొస్తే ట్యాంకు అడుగున మిగిలినదంతా దాని మీదే. మూడు రోజులకోసారి నీళ్లు. చెట్టు పెరిగింది చూడండీ, నాలుగేళ్లకు డాబా దాటింది. ఆకులతో విస్తళ్లు కుట్టుకోవచ్చు. పువ్వు మాత్రం లేదు.

"ఏరా, మీ సంపెంగాకు పప్పులో వేస్తే ఎట్టుంటదిరా?" అని టీ బంకు దగ్గర నవ్వేవాళ్లు. ఎకరాల కొద్దీ మిరప పండించేవాణ్ణి, ఒక్క చెట్టు చేత పూయించలేకపోయానని లోపల ఉడికిపోయేవాణ్ణి.

పోయిన ఏడు అలాగే ఒళ్లు మండి ఇంటికొచ్చి, "ఉగాదికి పూయకపోతే కొట్టించి, అక్కడ ట్రాక్టరుకి రేకుల షెడ్డు వేస్తా" అన్నాను. మర్నాడు పొద్దున ఆవిడ కాఫీ గ్లాసు నా ముందు ఠక్కున పెట్టి, "పూస్తే మాత్రం మొదటి పువ్వు మీ చేత్తో తెచ్చి నాకివ్వాలి" అంది. సరేనన్నాను. పూయదని నాకు నమ్మకం.

అంతలో కోతలు వచ్చి పడ్డాయి. నేను చేలో, ఆవిడ కల్లం మీద. చెట్టుకి చెంబెడు నీళ్లు పోసే తీరిక ఎవరికీ లేదు. ఎండిన కాయ తిరగేస్తుంటే ఆ ఘాటుకి ఊరు ఊరంతా తుమ్ములే. ఆ రోజుల్లో మాకు ముక్కు పేరుకే ముక్కు. పొయ్యి మీద పప్పు మాడినా కళ్లతో చూస్తే తప్ప తెలియదు.

ఉగాది ఇంకా వారం ఉందనగా, పండగ కాగానే చెట్టు కొట్టేయమని రంపం అతనికి కబురు పెట్టాను. ఆ రోజే కల్లంలో, రంగు పోయిన తాలు కాయ ఏరుతున్న కూలీలలో ఒకామె కొప్పున పసుప్పచ్చటి పువ్వు కనబడింది. ఆమె కొత్తపట్నం వైపు నుంచి పనికొచ్చింది.

"ఎక్కడిదమ్మా ఆ పువ్వు?" అన్నాను.

"మీ చెట్టుదేగా అన్నా! మూడు రోజుల నించీ పూస్తంది. తల పైకెత్తి చూడరా మీరు?"

ఎత్తి చూశాను. ఆకుల చాటున ఒకటి, రెండు, అటు కొమ్మన ఇంకో నాలుగు. ఆ ఘాటులో వాసన ఎవరికి తగిలింది గనక! సంతోషం ఒక పక్క, సిగ్గు ఒక పక్క. డాబా ఎక్కి, చెయ్యి చాచి ఒకటి కోసుకుని కల్లం మీదికి పరిగెత్తాను.

మా ఆవిడ ముక్కుకి తువ్వాలు కట్టుకుని కాయ తిరగేస్తోంది. "ఇదుగో. మొదటిది కాదు. మొదటిది ఆ అమ్మాయి పెట్టుకుంది" అని నిజం చెప్పేశాను. ఆవిడ తువ్వాలు దించి, పువ్వుని రెండు చేతులతో పట్టుకుని గట్టిగా పీల్చింది. తుమ్మింది. మళ్లీ పీల్చింది.

"వాసనేదండీ?" అంది. కళ్లలో నీళ్లు. అవి ఘాటు తెచ్చిన నీళ్లు కావని నాకు తెలుసు.

రంపం అతనికి ఫోన్ చేసి రావద్దన్నాను. "నాలుగేళ్లు మేపితే ఆకేసింది, మూడు నెలలు మర్చిపోతే పూసింది. ఇక మీరు దాని జోలికి వెళ్లకండి" అని ఆవిడ ఎరువు బస్తాని దొడ్లోకి ఈడ్చి పారేసింది.

కాయ బస్తాలకెత్తి కోల్డ్ స్టోరేజీకి పంపాం. కల్లం ఊడ్చి కడిగాం. నాలుగు రోజులు పోయాక ఒక పొద్దున వాకిట్లోంచి కేక వినబడింది. "ఏమండీ! వస్తోంది, వాసన వస్తోంది! ఇటు రండి!"

పరిగెత్తాను. ఆవిడ చీపురు పక్కన పడేసి చెట్టు కింద నిలబడి ఉంది. నేనూ పక్కన నిలబడి గుండెల నిండా పీల్చాను. నా ముక్కులో ఇంకా ఎండు మిరపకాయే.

"అబ్బ, ఎంత బాగుందో!" అన్నాను.

ఆవిడ నా మొహం కేసి చూసి పకపకా నవ్వింది. "మీకింకా రాలేదుగా" అంటూ కొప్పులోని పువ్వు తీసి నా చొక్కా జేబులో పెట్టింది. "వచ్చేదాకా ఉంచుకోండి."