యారాలి ముఠా

మిర్చి ఏరడానికి ముఠా కావాలంటే గోరీ ఇంటికి వెళ్లమని కురవి చుట్టుపక్కల ఏ రైతును అడిగినా చెబుతాడు. నలభై ఆరేళ్ల మనిషి. బడి గడప తొక్కింది లేదు. కానీ ఇరవై ఆరుమంది ఆడవాళ్లను పొద్దున్నే ట్రాలీ ఎక్కించి, తోటలో ఎవరి సాలు వాళ్లకు చూపించి, పొద్దుగూకే వేళకు ఎవరూ మాటపడకుండా తండాకు తిరిగి తీసుకురావడంలో ఆమెను మించిన మేస్త్రి ఆ దరిదాపుల్లో లేడు.

ఆ పెద్దరికం ఆమెకు ఎవరో కట్టబెట్టింది కాదు. అంతకుముందు ముఠాకు లక్ష్మా అనే పెద్దమనిషి మేస్త్రిగా ఉండేవాడు. ఒకసారి తొర్రూరు దగ్గర ఒక రైతు, కూలోళ్లు ఒడిలో కాయ దాచుకుపోతున్నారని నోరు పారేసుకున్నాడు. లక్ష్మా తల దించుకుని నిలబడ్డాడు. గోరీ ముందుకొచ్చి తన ఒడి విప్పి కల్లంలో దులిపింది. "చూడు పటేలా. అందరి ఒడులు జూడు. ఒక్క కాయ దొరికినా మేము రేపు రాం. దొరక్కపోతే మాత్రం నువ్వు మా తండకొచ్చి అందరి ముంగట చెప్పాలె, తప్పయిందని." రైతు వెతకనూ లేదు, తండాకు రానూ లేదు. కానీ మర్నాడు తెల్లవారేసరికి ఆడవాళ్లంతా లక్ష్మా ఇంటికి పోకుండా గోరీ వాకిట్లో నిలబడ్డారు. అప్పటి నుంచి పద్దెనిమిదేళ్లు ఆమె మాటే మాట.

ఆమె మాట కొంచెం కటువే. నవ్వడం తక్కువ. అయినా ఎవరి మొగుడు తాగి కొట్టాడో, ఎవరికి నడుము పట్టేసిందో, ఎవరి బిడ్డకు సంబంధం తప్పిపోయిందో అందరికంటే ముందు ఆమెకే తెలిసేది. తెలుసునని పైకి చెప్పేది కాదు. నడుము నొప్పి ఉన్న మనిషికి ఆ రోజు పొట్టి సాలు దక్కేది, అంతే.

పూజ ఈ తండాకు కోడలుగా వచ్చి మూడేళ్లయింది. గోరీ భర్త భీమ్లా తమ్ముడు వీరేందర్‌కు భార్య, అంటే గోరీకి స్వయానా యారాలు. కొత్తగూడ అడవి పక్కనుంచి వచ్చిన పిల్ల, ఇంటర్ దాకా చదివింది. వీరేందర్ భూపాలపల్లి బొగ్గు గనుల వైపు లారీ నడుపుతూ నెలకో రెండు నెలలకో ఒకసారి వచ్చేవాడు. ఇంట్లో ఒక్కదాన్నే ఏం కూర్చుంటానని పూజ కూడా మిర్చికి వస్తానంది. సాలు పట్టడం, తాలుకాయ వేరు చేయడం, చేతుల మంటకు ఆముదం రాసుకోవడం అన్నీ గోరీయే నేర్పింది. మొదటి ఏడాది "మా పూజ" అని నలుగురిలో మురిసిపోయింది కూడా.

రెండో ఏడాది మాఘంలో ఒకరోజు ఎండ ముదిరాక, కళావతి అనే ఆమె సాలులోంచి తల ఎత్తి అడిగింది: "పూజా, సద్ది తిందామానే?"

గోరీ రెండు సాళ్ల అవతలే ఉంది. పద్దెనిమిదేళ్లుగా ఆ ప్రశ్న ఆమెనే అడిగేవారు. పూజ వెంటనే "అక్క చెప్పాలె గద" అంది, మర్యాదగానే. ఆ మర్యాదే గోరీకి ఎక్కడో గుచ్చుకుంది. తన పెద్దరికాన్ని ఎవరో తీసుకుని, దుమ్ము దులిపి, తిరిగి తన చేతిలో పెట్టినట్టు అనిపించింది. కావాలనే ఇంకో గంట ఆలస్యం చేసింది సద్దికి.

ఆ రోజు నుంచి ఆమె చెవులు పూజ సాలు మీదే ఉండేవి. అక్కడ నవ్వులు వినిపిస్తే చేతులు ఆగిపోయేవి. పూజ పెద్దగా ఏం మాట్లాడేదీ కాదు. అయినా ఆమె పక్క సాలు కోసం ఆడవాళ్లు పోటీ పడేవారు. విజయ అనే ఆమె ఉంది, నెలల తరబడి ఎవరితోనూ నోరు విప్పని మనిషి. ఒకరోజు పూజ భుజం మీద తలపెట్టి ఏడ్చింది. విజయ భర్త ఖమ్మంలో ఇంకో కాపురం పెట్టాడన్న సంగతి గోరీకి మూడు రోజుల తర్వాత, ముగ్గురి నోళ్లు మారి చేరింది. ముఠాలో ఒక మనిషి బాధ తన దగ్గరికి చివరగా రావడం అదే మొదటిసారి. విజయ మీద జాలి కలగాల్సిన చోట ఆమెకు పూజ మీద మంట పుట్టింది. ఆ సంగతి ఆమెకే సిగ్గనిపించింది. సిగ్గు వల్ల మంట తగ్గలేదు, పెరిగింది.

సాళ్లు పంచేది తానే కదా. గట్టు పక్కవి, తెగులు తగిలి ఆకులు ముడుచుకుపోయినవి, ఎంత ఏరినా సంచి నిండనివి పూజకు రావడం మొదలైంది. పూజతో ఎక్కువ కూర్చునే వాళ్లకూ అవే. పూజ నోరెత్తలేదు. ఒక్కసారి ఎదురు తిరిగినా బాగుండుననుకునేది గోరీ. తిడితే తిట్టొచ్చు. తిట్టడానికి అందని మనిషితో ఏం వేగాలి?

రాత్రిళ్లు నిద్ర తగ్గింది. తిన్నది ఒంటికి పట్టడం లేదు. భీమ్లా మేకల వెంట తిరిగే మనిషి, రోజుకు పది మాటలు మాట్లాడితే ఎక్కువ. ఒక పొద్దున చాయ్ తాగుతూ అడిగాడు.

"పూజ ఏం జేసిందే నీకు?"

"ఏం చెయ్యలే."

"ఏం చెయ్యకుంటేనే గింత కోపమా?"

గోరీ గ్లాసు కడిగే వంకతో లేచి వెళ్లిపోయింది.

మరుసటి ఏడు ఫాల్గుణంలో భూపాలపల్లి అవతల నుంచి విద్యాసాగర్ అనే రైతు ఫోన్ చేశాడు. పెద్ద తోట. ఇరవై రోజుల పని. అక్కడే షెడ్డులో ఉండి చేయాలి. ఈ కబురు విన్న పూజ ముఖం వెలిగిపోయింది, వీరేందర్ ఉండేది అక్కడికి దగ్గరే మరి. "రెండు రోజులు మా అమ్మ కాడికి పోయొస్త అక్కా. బయలెల్లే రోజు ఖాయమైతే ఒక్క ఫోన్ చెయ్, నేను మానుకోట కాడ బండి ఎక్కుత" అని కొత్తగూడ వెళ్లింది.

మర్నాడే రైతు మళ్లీ ఫోన్ చేసి బుధవారం రమ్మన్నాడు. గోరీ అందరి ఇళ్లకూ తిరిగి చెప్పింది. పూజ నంబరు దగ్గరికి వచ్చేసరికి ఫోన్ చేతిలో పట్టుకుని చాలాసేపు నిలబడింది. తర్వాత చేద్దాంలే అనుకుంది. తర్వాత అన్నది రాదని ఆమెకు అప్పుడే తెలుసు.

బుధవారం బండి మానుకోటలో ఆగకుండా పోతుంటే కళావతి అడిగింది, పూజ ఏదని.

"ఫోన్ చేసిన. పానం మంచిగ లేదట, రానన్నది" అంది గోరీ.

మొదటి రోజు గోరీకి ఒళ్లు తేలికైనట్టు అనిపించింది. అందరూ ఆమెనే అడిగారు: నీళ్లెప్పుడు, సద్దెప్పుడు, ఎవరి సాలు ఏది. రెండో రోజు మధ్యాహ్నం నుంచి ఏదో మారింది. పని జరుగుతోంది, సంచులు నిండుతున్నాయి. కానీ ఎవరూ మాట కలపడం లేదు. ఆమె దగ్గరికి వస్తే జరుగుతున్న ముచ్చట ఆగిపోతోంది. విజయ పూజతో ఫోన్‌లో మాట్లాడిందని, అసలు సంగతి అందరికీ తెలిసిపోయిందని ఆమెకు ఎవరూ చెప్పలేదు. ముఠాను అన్నేళ్లు నడిపిన మనిషికి చెప్పాల్సిన పనీ లేదు.

ఆదివారం వీరేందర్ వచ్చాడు. బండి మీద రెండు అరటి గెలలు కట్టుకుని, ఆడవాళ్లందరినీ పేరుపేరునా పలకరించాడు. గోరీ సాలు చివర నిలబడి ముఖానికి కట్టుకున్న తువ్వాల విప్పింది.

"మంచిగున్నవా వదినా?"

"మంచిగున్న. నువ్వు?"

"నేనూ మంచిగనే ఉన్న." గెలల తాడు విప్పుతూ అన్నాడు. "వదినా, పూజ ఏమన్న తప్పు జేసిందా? చేస్తె చెప్పు, నేను మందలిస్త. పొద్దున ఫోన్ల ఏడ్సింది. ఎందుకంటే చెప్తలేదు."

అతను కోపంగా అడిగి ఉంటే గోరీ కూడా కోపంగా ఏదో ఒకటి అనేది. అతను నిజంగానే తెలుసుకోవాలని అడిగాడు.

"నేనే... ఫోన్ చేసుడు మర్శిన" అంది.

వీరేందర్ తలెత్తి ఆమె ముఖంలోకి చూశాడు. అతని పెళ్లికి ముందు పదేళ్లు అన్నం పెట్టిన చేయి ఆమెది. "నువ్వు మర్శిపోయే మనిషివి కాదు వదినా" అన్నాడు మెల్లగా. అరటిపళ్లు షెడ్డులో పెట్టి, నీళ్లు కూడా తాగకుండా వెళ్లిపోయాడు. ఆ పళ్లు అందరూ తిన్నారు. గోరీకి ఒకటి ఇచ్చారు కూడా. ఆమె దాన్ని తినకుండా పక్కన పెట్టింది.

మర్నాడు సాలులో కళ్లు తిరిగి కూలబడింది. రైతు తన బండి మీద భూపాలపల్లి దవాఖానకు పంపాడు. అక్కడ నర్సు చేతికి పట్టీ చుట్టి బీపీ చూసింది. ఎక్కువగానే ఉంది. నిద్ర పడుతుందా, తింటున్నావా, ఇంట్లో ఏమన్న పరేషాన్ ఉందా అని రాసుకుంటూ అడుగుతోంది. గోరీకి ఎవరో తెలియని మనిషి కాబట్టేమో, నోరు దానంతటదే తెరుచుకుంది.

"మా యారాలు ఉన్నది. మంచి పిల్ల. ఆమెను జూస్తె నాకు ఓర్వబుద్ధి అయితలేదు. కండ్లల్ల నిప్పులు పోసుకున్నట్టు అయితది."

నర్సు నవ్వలేదు. తల కూడా ఎత్తలేదు. జ్వరం గురించి అడిగినట్టే అడిగింది.

"ఎన్ని దినాల సంది?"

గోరీ లెక్కపెట్టుకుంది. "పోయినేడు మాఘం సంది."

"శాన దినాలే. పానం పాడుగాక ఏమైతది" అని నర్సు చీటీ రాసి గోళీలు ఇచ్చింది, వారం తర్వాత మళ్లీ చూపించుకోమంది. అంతే. కానీ గోరీకి ఎంతో కాలంగా మోస్తున్న మూట ఒకసారి కిందికి దించి చూసుకున్నట్టు అయింది. అది ఇంత పెద్దదని ఆమెకు తెలియదు. అందరికీ వచ్చేదేనని కూడా తెలియదు. బయట బల్ల మీద కూర్చుని పూజకు ఫోన్ చేసింది.

"నేను నీకు కావాల్నని ఫోన్ చెయ్యలే పూజా. మర్శి కాదు."

"నాకు ఎర్కే అక్కా."

"రేపు బండి పంపిస్త. వస్తవా?"

"రాను." ఆమె గొంతులో కోపం లేదు, తీపీ లేదు. "పై తండల తొమ్మిది మందిని జమ చేసిన. రేపటి సంది తొర్రూరు కాడ తోటకు పోతున్నం."

చేసిన తప్పు ఒప్పుకున్నాక మనసు తేలికవుతుందని అంటారు. గోరీకి అలా ఏం కాలేదు. అప్పుడే ముఠా కట్టిందా అని గుండెలో మళ్లీ భగ్గుమంది. తాను ఫోన్ చేసి ఉంటే ఆ ముఠాయే పుట్టేది కాదన్నది ఇంకాసేపటికి తట్టింది.

తోటకు తిరిగి వెళ్లాక, సద్ది దగ్గర అందరూ కూర్చుని ఉండగా చెప్పింది: "పూజకు పానం మంచిగ లేదన్నది అబద్ధం. నేను ఫోనే చెయ్యలే."

"మాకు ఎర్కే" అంది విజయ.

"మరి నన్నెవ్వరు అడగలే."

కళావతి అంది: "అడిగితె గట్టు సాలు ఇస్తవని."

ఆ మాట గోరీకి వీరేందర్ మాట కంటే లోతుగా దిగింది. తన పెద్దరికం అంటే వీళ్లకు తన మీద ఉన్న నమ్మకమనుకుంది. ఎప్పటి నుంచి అది భయంగా మారిందో ఆమె చూసుకోలేదు. ఆ సాయంత్రం మొదలుకొని పని ముగిసేదాకా గట్టు సాలు తానే పట్టింది. ఎవరూ ఆమెను మెచ్చుకోలేదు. వద్దనీ అనలేదు.

మరుసటి ఏడు విజయ, ఇంకో ముగ్గురు పూజ ముఠాలోకి మారిపోయారు. మారేముందు విజయ వచ్చి చెప్పింది. "పో, మంచిదే" అంది గోరీ. ఆ తర్వాత రెండు రోజులు భీమ్లాతో కూడా మాట్లాడలేదు.

తోటలు ముమ్మరంగా కాయ మీదున్న రోజుల్లో ఒక సాయంత్రం పూజ ఆమె వాకిట్లోకి వచ్చింది. ఏడాదిగా పండక్కీ పబ్బానికీ తప్ప మాటలు లేవు. వచ్చి అరుగు మీద కూర్చుంది.

"ముఠా చెడిపోయేటట్టున్నది అక్కా. ఇద్దరు కొట్లాడిన్రు. ఆమె ఎక్కితే నేనెక్కనని ఈమె, ఈమె ఎక్కితే నేనెక్కనని ఆమె. ఇద్దరికీ మంచిగనే చెప్తున్న. ఎవ్వరు ఇంటలేరు."

గోరీ గుండెల్లో మొదట పుట్టింది సంతోషం. దాన్ని ఆమె గుర్తుపట్టింది. నర్సు అడిగినట్టే, ఎన్నాళ్ల నుంచి దీనికోసం ఎదురు చూస్తున్నావని తనను తానే ప్రశ్నించుకుంది. లేచి లోపలికి వెళ్లి, అవసరం లేనంత నెమ్మదిగా చాయ్ పెట్టింది. ఆ సంతోషం చల్లారేదాకా పొయ్యి దగ్గరే నిలబడింది. అప్పుడు గ్లాసులు తీసుకుని బయటికి వచ్చింది.

"నువ్వు ఇద్దరికీ మంచిగుండాలనుకుంటున్నవు. అది కాదు. రేపు పొద్దుగాల ఇద్దర్నీ నిలవెట్టి చెప్పు, ట్రాలీ నా మాట మీద నడుస్తది, ఎక్కెటోళ్లు ఎక్కుండ్రి, లేకుంటె లేదని. చెప్పి ముఖం జూడకు. ఎక్కినంక ఇద్దరికీ సాళ్లు దూరం దూరం ఇయ్యి. నాల్గు దినాలు ఆగి, ఒకామెకు నీళ్లు ఇంకొకామెతోని పంపు."

"ఎక్కకపోతె?"

"ఒకామె పోతది. పోనియ్యి. పెద్దరికమంటె అది కూడ ఉంటది."

పూజ చాయ్ ఊదుకుంటూ వింది. గ్లాసు ఖాళీ అయ్యాక గోరీయే, ఎటో చూస్తూ అడిగింది: "మరి నువ్వు ఆడోళ్లతోని ఏం మాట్లాడుతవే? నేను ఎన్నేండ్లు నడిపినా నా కాడికొచ్చి ఎవ్వరు ఏడ్వలే."

పూజ ఆలోచించింది. "నేనేం మాట్లాడ అక్కా. ఎట్లున్నవని అడుగుత. చెప్పేదాక ఆగుత."

"గంతేనా?"

"గంతే. నీకు అన్నీ ముందే ఎర్కయితయి, నువ్వు అడగవు. వాళ్లకేమో చెప్పుకోవాలని ఉంటది."

పూజ గ్లాసు కడిగి బోర్లించి వెళ్లిపోయింది.

ఇది జరిగిన వారానికి రెండు ముఠాలూ ఒకే పొద్దున తండా దాటాయి. పూజ ట్రాలీ ముందు, గోరీ ట్రాలీ వెనుక. ముందు ట్రాలీలో ఎవరో ఏదో అన్నారు, అందరూ పగలబడి నవ్వారు. కొట్లాడుకున్న ఇద్దరూ అందులోనే ఉన్నారు. గోరీ కళ్లు ఎప్పటిలాగే మండాయి. ఓర్వలేనితనం ఎక్కడికీ పోలేదు, ఉన్నచోటే ఉంది. ఆమె ముందు ట్రాలీ మీదినుంచి చూపు తిప్పుకుని, పక్కన కూర్చున్న కళావతి వైపు తిరిగింది.

"మోకాలు నొప్పి ఎట్లున్నదే?"

కళావతి ఒక క్షణం అనుమానంగా చూసింది. తర్వాత మొదలుపెట్టింది. మోకాలి నుంచి కోడలికి, కోడలి నుంచి జనగామలో ఉన్న కొడుకుకు, అక్కణ్నుంచి తన చిన్ననాటికి పోయింది. కురవి దాటారు, మానుకోట దాటారు. గోరీకి అందులో సగం ముందే తెలుసు. రెండుసార్లు అడ్డుపడబోయి నోరు మూసుకుంది. తోట దగ్గర ట్రాలీ ఆగేసరికి కళావతి ఇంకా చెబుతూనే ఉంది. గోరీ దిగకుండా కూర్చుని వింది.