గట్టుకు రెండు వైపుల బావులు

నా చిన్నప్పుడు ఇంగ్లీషు పోలికలను నేను బావుల దగ్గర నేర్చుకున్నాను. తమిళనాడులో ధర్మపురి నుంచి కారిమంగళం పోయే దారిలో మా ఊరు. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం. ఆరో తరగతిలో వాటి మీద ఇంగ్లీషు వచ్చి పడింది. ఒక వస్తువు ఇంకొకదానికంటే పెద్దదని ఆ భాషలో ఎలా చెప్పాలో నాకు ఎంతకూ బోధపడలేదు. పక్కింటి అక్క అప్పటికి పదకొండో తరగతి ముగించి, సేలంలో టీచరు ట్రైనింగు చదవాలని కాచుకుని ఉంది. వాళ్ళ చేలో పసుపు పండితేనే ఆ చదువు. ఆ సంగతి రెండిళ్ళలోనూ అందరికీ తెలుసు.

అక్క నా చేత పుస్తకం మూయించి చేలోకి తీసుకుపోయింది. దారి పక్కనున్న పాత బావిలో రాయి వేయమంది. వెంటనే చప్పుడు వచ్చింది. అది డీప్. మా బావిలో వేస్తే కాస్త ఆగి వినిపించింది. అది డీపర్. గట్టు అవతల అక్క వాళ్ళ బావిలో వేసి, ఊపిరి బిగబట్టి వినాల్సి వచ్చింది. అది డీపెస్ట్.

"మనమైతే పక్కన ఇంకో మాట పెడతాము. ఇంగ్లీషులో మాటకే తోక మొలుస్తాది మే" అంది.

"మరి బ్యూటిఫుల్‌కు?"

"అది ముందే అంత పొడుగుండాది, తోక కూడా పెడితే నడుస్తాదా? ముందర మోర్, మోస్ట్ కట్టి లాగాల."

"గుడ్‌కు?"

"దానికి తలే మారిపోతాది. గుడ్, బెటర్, బెస్ట్. మీ నాయన మీసం తీసేసి వస్తే గుర్తుపట్టలేము చూడు, అట్ల."

ఆ ఏడు వానలు రాలేదు. ఆవణి నెలలో, అంటే ఆగస్టు చివర, మా నాయన బావిని లోతు చేయించాడు. మా వైపు రైతులకు అదొక జబ్బు. నీళ్ళు తగ్గితే ఆకాశం కేసి చూడరు, పక్కవాడి బావిలోకి తొంగి చూస్తారు. రాతికి మందు పెట్టి పేల్చారు. ఊట పడింది. మా అమ్మ బావికి పూజ చేసి బెల్లం పంచింది. అక్క వాళ్ళింటికీ పంపింది. కొద్ది రోజులకే గట్టు అవతల మోటారు నీళ్ళకు బదులు గాలి పీల్చడం మొదలుపెట్టింది. రెండు బావులకూ ఊట ఒకటే.

ఒక సాయంత్రం పాఠానికి వెళ్తే, అక్కా వాళ్ళ నాయనా తమ బావి గట్టున నిలబడి ఉన్నారు. పసుపు ఆకులు అంచుల నుంచి ఎండుతున్నాయి.

"మనమూ తవ్వుదాము. వాళ్ళకంటే కిందికి పోదాము" అన్నాడాయన.

"అప్పుడు వాళ్ళది ఎండుతాది. వాళ్ళు మళ్ళా తవ్వుతారు, మనమూ మళ్ళా. యాడ నిలిపేది నాయనా?"

"అయితే నీ చదువు?"

అక్క నన్ను చూసి, "రా పాపా, పరీక్ష ఎల్లుండే కదా" అంది. ఆ రోజు బావుల మాట ఎత్తకుండా, హాట్‌కు తోక పెట్టేటప్పుడు చివరి అక్షరం రెండుసార్లు రాయాలని నేర్పింది. నేను రాసిన ప్రతి మాటనూ వేలు పెట్టి సరిచూసింది.

ఇంటికి వచ్చి, వాళ్ళ పసుపుకు ఒక తడి నీళ్ళు ఇమ్మని మా నాయనను అడిగాను. "మన చేను తడిసినాక చూద్దాములే" అన్నాడు. మా చేను తడవడం ఆ ఏడు ముగియనే లేదు.

పరీక్షలో నాకు ఒక్క మార్కూ పోలేదు. మార్కులు ముందు అక్కకే చూపించాను. నిజంగానే సంతోషపడింది. సంక్రాంతి వచ్చే తై నెలకు పసుపు మట్టిలోనే వాడిపోయింది. ఆ తరువాత అక్క ధర్మపురికి కట్టడం పనికి పోయి ఇటుకలు మోసింది. సేలం మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. టీచరైంది నేను.

అదే పాఠాన్ని పదవీ విరమణ దాకా ఏటేటా చెప్పాను, అక్క చెప్పిన తోకల మాటలతోనే. పిల్లలు నవ్వేవారు. ఇప్పటికీ నాకు ఏదైనా ఎక్కువ వచ్చిందంటే, అది తీసుకునే ముందు పక్కవాళ్ళకు ఏం తగ్గిందోనని చూస్తాను. చాలాసార్లు, చూసినా నేను చేయగలిగింది ఏమీ ఉండదు. అయినా చూడకుండా తీసుకోవడం నాకు చేతకాదు.