గేటు దాటడానికి భయపడిన రోజులు

నా ఉద్యోగమంతా బస్సు కండక్టరుగానే గడిచింది. కాలు పెట్టడానికి చోటులేని రద్దీలో, ఎలమంచిలి దాకా కడ్డీ పట్టుకోకుండా నిలబడి టిక్కెట్లు కొట్టేవాణ్ణి. అలాంటివాణ్ణి, మా ఇంటి గేటు తీసి వీధిలో అడుగు పెట్టడానికి వణికిపోయానంటే ఎవరూ నమ్మరు. మా ఆవిడే మొదట నమ్మలేదు.

మాది అనకాపల్లిలో పాత వీధి. నేను రిటైరయ్యేనాటికి ఇంచుమించు ప్రతి ఇంటి ముందూ అరుగు ఉండేది. షుగరు వచ్చిందని, నడవకపోతే కుదరదని డాక్టరు చెప్పినప్పుడు ఆ అరుగులు చూసుకునే నడక మొదలుపెట్టాను. ఆయాసం వస్తే ఎవరి అరుగు మీదో చతికిలబడేవాణ్ణి. లోపలినుంచి ఎవరో ఒకరు “ఏటి, నీరసమొచ్చిందేటి?” అంటూ మంచినీళ్లు తెచ్చేవారు.

నాకు తోడు ఎదురు వరసలో ఉండే దర్జీ. వాళ్లది చర్చికి వెళ్లే కుటుంబం. చుట్టరికమేమీ లేకపోయినా చిన్నప్పటినుంచీ ఒకరినొకరం బావా అనే పిలుచుకుంటాం. మిషను ముందు వంగి వంగి అతని నడుం పట్టేసింది. నిలబడి నిలబడి నా మోకాళ్లు పోయాయి. “ఇద్దర్నీ కలిపి కుట్టేత్తే ఒక మంచి మనిషి అవుతాడు బావా” అని నవ్వేవాడు.

తరవాత రోడ్డు వెడల్పయింది. అరుగులు పోయాయి. సిమెంటు రోడ్డు మా గడపలకంటే ఎత్తు లేచింది. పక్కన లోతైన కాలువ, దాని మీద అక్కడక్కడ పలకలు. నేల నున్నబడేసరికి మోటారుసైకిళ్లు జోరందుకున్నాయి. పెద్దరోడ్డు మీద రద్దీ తప్పించుకోవడానికి పరవాడ వెళ్లే కంపెనీ బస్సులు కూడా మా వీధిలోంచే రావడం మొదలైంది. మేం నడక మానలేదు గానీ నడుస్తూ మాట్లాడుకోవడం మానేశాం. మాటల్లో పడితే వెనకాల వచ్చే బండి చప్పుడు వినపడదని భయం.

ఒక ఉదయం, వాన వెలిశాక బయల్దేరాం. నేను ముందు, బావ వెనక. ఉన్నట్టుండి బస్సు హారను మోగింది. నేను గోడకు అతుక్కుపోయాను. బస్సు నా చొక్కాకి రాసుకుంటుందా అన్నంత దగ్గరగా వెళ్లిపోయింది. తిరిగి చూస్తే బావ లేడు.

“బావా!” అన్నాను.

“ఇక్కడ... కాలు... నా కాలు” అని కిందనుంచి వినపడింది.

తప్పుకోబోయి పలక మీద అడుగేశాడు. పలక తిరగబడింది. నడుం దాకా కాలువలో కూరుకుపోయి ఉన్నాడు, పలక అంచు తొడ మీద పడి ఉంది. రెండు చేతులూ పట్టుకుని లాగాను. కదల్లేదు. అతని కేకలకి కుక్కలు లేచాయి. మా చుట్టూ చేరి మొరుగుతున్నాయి. ఒకటి నా పంచె అంచు పట్టుకుని గుంజుతోంది. దాన్ని తోలాలంటే బావ చేతులు వదలాలి. సాయానికి కేకేస్తే అది కుక్కల అరుపుల్లో కలిసిపోయింది.

“వదిలీకు బావా” అన్నాడు. “సెయ్యొదిలీకు. సచ్చిపోతాను.”

ఎంతసేపు అలా ఉన్నామో తెలీదు. పాలప్యాకెట్లు వేసే ఆవిడ మలుపు తిరిగి మమ్మల్ని చూసింది. రాళ్లు విసిరి కుక్కల్ని తోలి, తలుపులన్నీ బాదింది. జనం వచ్చి పలక లేపి బావని పైకి తీశారు. తుంటి ఎముక విరిగింది.

మర్నాడు చెప్పులేసుకుని గేటు దాకా వెళ్లాను. గడియ మీద చెయ్యి వేశాను. ఎక్కడో దూరంగా హారను వినిపించేసరికి గడియ వదిలేశాను. వెనక్కి వచ్చేశాను. ఆ మర్నాడూ అంతే. తరవాత చెప్పులు వేసుకోవడమే మానేశాను. ఆపరేషనయి బావ ఇంటికొచ్చాక చూడబోదామంటే, అతని ఇల్లు రోడ్డుకు అవతల. ఇక్కడినుంచే ఫోను చేసేవాణ్ణి. కొన్నాళ్లకి అతను ఫోను ఎత్తడం మానేశాడు.

కొన్నాళ్లు హాల్లోనే అటూ ఇటూ తిరిగాను. మంచం కోడు తగిలి వేలు చితికింది. అదీ ఆపేశాను. కుర్చీ, టీవీ, మంచం. కాళ్లు సన్నబడుతున్న సంగతి నాకు తెలుస్తూనే ఉంది, పైకి అనలేదు.

ఒక మధ్యాహ్నం స్నానానికి పీట మీద కూర్చున్నవాణ్ణి లేవలేకపోయాను. మోకాళ్ల మీద చేతులానించాను. గోడ పట్టుకున్నాను. తొడలు నావి కానట్టు ఊరికే వణికాయి తప్ప పైకి లేపలేదు. తలుపుకి లోపలినుంచి గడియ వేసి ఉంది. ఒంటి మీది నీళ్లు చల్లబడుతున్నాయి. వీధిలో వేసిన భయానికి ఒక బస్సుందీ, ఒక కుక్కుందీ. ఇక్కడ ఏమీ లేదు. అందుకే అంతకంటే ఎక్కువ భయం వేసింది.

“ఏటండీ, పలకరేటి?” మా ఆవిడ తలుపు కొడుతోంది.

“లేవలేకపోతన్నాను” అన్నాను. ఆ మాట నా చెవిన పడగానే ఏడుపొచ్చింది.

చివరికి నేల మీద పాకి, చెయ్యి చాచి గడియ తీశాను. నన్ను కూర్చోబెట్టి, తువ్వాలుతో ఒళ్లు తుడుస్తూ ఆవిడ ఒక్క మాటే అంది: “వీధికి భయపడి మంచానికి సిక్కుతారా?”

ఆ వారంలోనే బావ భార్య వచ్చింది. “అన్నయ్యా, ఆయన లేవనంటన్నారు. డాక్టరేమో వాకరట్టుకు నడవమన్నాడు. గోడేపు తిరిగి పడుకుంటన్నారు. మీరొచ్చి సెప్పండి” అంది.

మా ఆవిడ భుజం పట్టుకుని గేటు దాటాను. రోడ్డు సగం దాటానో లేదో మోటారుసైకిలు దూసుకొచ్చింది. ముందుకి కాదు, వెనక్కి కాదు, నిలబడిపోయాను. కళ్లు మూసుకున్నాను. బండి పక్కనుంచి పోయింది. మా ఆవిడ నన్ను దాదాపు ఈడ్చుకెళ్లింది.

బావ నన్ను చూసి, “రోడ్డు దాటొచ్చేవేటి?” అన్నాడు.

ధైర్యం చెప్పాలని వచ్చినవాణ్ణి ఉన్నదే చెప్పేశాను. స్నానాల గదిలో జరిగిందంతా చెప్పాను.

“నాకు కల్లో కూడా ఆ పలకే తిరగబడతంది బావా” అన్నాడు. “ఆ వీధిలో మరి నడవను. నన్నడక్కు.”

“ఈదిలో ఒద్దు. మీ చర్చి ఆవరణ ఉంది కదా? గోడుంది, గేటుంది, నేల సదునుగా ఉంటాది” అన్నాను. అంతకుముందు దాకా నాకే తట్టని సంగతి అది.

పాస్టరు గారు కాదనలేదు. వారానికి కొన్నిసార్లు ఆటో మాట్లాడుకుని నడకకి పోతున్నాం. నడవడానికి ఆటో ఎక్కుతున్నామని జనం నవ్వుతారు. మొదటి రోజు బావ వాకరుతో గేటునుంచి మొదటి బెంచీ దాకా మాత్రమే రాగలిగాడు. నేను గోడ పట్టుకుని ఇంకాస్త దూరం. బయట హారను మోగితే ఇద్దరం ఒకేసారి ఆగిపోయేవాళ్లం. ఇప్పుడు బావకి చేతికర్ర చాలు. నేను పీట మీంచి ఒక్కణ్ణే లేస్తున్నాను, అయినా తలుపు గడియ మాత్రం వేసుకోను.

ఈ మధ్య మా వీధి చివరి ఇంటి పెద్దావిడ కూడా మాతో వస్తోంది. ఆవిడకీ కుక్కలంటే హడలే. తిరుగు ప్రయాణంలో ఆటోని మా గేటుకి ఆనించినట్టు ఆపమంటాను. డ్రైవరు నవ్వుతాడు. నవ్వనీ.