ఆగదు

నౌపడ ఉప్పుమడుల్లో పనిచేసే మా పెద్దమావకు ఒక అలవాటు ఉండేది. మడిలో నీటిని వేలితో తాకి, నాలుక మీద పెట్టుకుని, "ఆగదు" అనేవాడు. ఉప్పు పండింది, వాన పడకముందే ఎత్తెయ్యాలని దాని అర్థం.

ఒక వేసవి ఉదయం ఆయన కుడిచేతిలోంచి పార జారిపోయింది, మాట ముద్దయింది. కాసేపటికి అంతా సర్దుకుంది. అయినా నేను పట్టుబట్టి శ్రీకాకుళం తీసుకెళ్లాను. మెడలో ఎడమవైపు మెదడుకు వెళ్లే రక్తనాళం బాగా పూడిపోయిందనీ, పక్షవాతం రాకుండా రెండు వారాల్లోపు ఆపరేషన్ చేస్తేనే ఎక్కువ మేలనీ, ఆలస్యమయ్యేకొద్దీ ఆ మేలు తరిగిపోతుందనీ డాక్టరు చెప్పారు.

"సెయ్యి బాగానే ఉన్నాది కదరా! ఉప్పు ఎత్తేసి వత్తాను," అన్నాడు మావ.

"మడిలో ఉప్పు ఆగదు గానీ, మెడలో నరం ఆగుతాదేటి?" అని అత్త దెప్పింది.

"ఒసే, వానొస్తే ఉప్పు కరిగిపోతాది. నరం ఎక్కడికి పోతాదే?" అని నవ్వాడు.

నేను మిగిలిన రోజులు లెక్కపెట్టి చెబుతూనే ఉన్నాను. ఆయన ఉప్పంతా కుప్ప పోయించి, తాటాకులు కప్పించాడు. ఆ సాయంత్రమే గట్టు మీద కూలిపోయాడు. ఈసారి కుడిచెయ్యి తిరిగి లేవలేదు.

మాటల్లో ఒక్కటే మిగిలింది. అన్నం పెట్టినా, పేరు అడిగినా, "ఆగదు" అనేవాడు. వాన చినుకు వినబడితే చాలు, మంచం మీద కదిలిపోతూ అదే మాట.

"ఉప్పు ఎత్తేసినాంలే, పడుకో," అనేది అత్త.