సింహం నోటి కింద చెంబు

ఈ ఉదయం యూనివర్సిటీలో పాత భవనాలు చూపిస్తున్న గైడు, చూరు దగ్గర వాననీళ్ళు దూకే రాతి సింహం నోటిని చూపించాడు. అందరూ పైకి చూశారు. నేను కిందికి చూశాను.

నాలుగో తరగతిలో మమ్మల్ని శింగనమల నుంచి బస్సులో ఇక్కడికే తెచ్చారు. మా ఇంట్లో మబ్బు పడితే చాలు, చూరు కింద బిందెలు, తపేలాలు, ఆఖరికి అన్నం తినే గిన్నెలు కూడా పెట్టేవాళ్ళం. ఇంత పెద్ద చూరు కింద ఏమీ లేకపోయేసరికి, పెట్టడం మరిచిపోయారనుకున్నాను.

"అన్నా, ఈడ బిందె పెట్టలేదే? నీళ్ళన్నీ యాడికి పోతాయి?" అని అప్పటి గైడును అడిగాను.

"మోరీ కాలవలోకి పోతాయి పాపా."

అందరూ నవ్వారు. నాకు ఒళ్ళు మండింది. సంచిలోంచి నీళ్ళు తాగే స్టీలు చెంబు తీసి సింహం నోటి కింద పెట్టాను. ఆకాశంలో మబ్బు తునక లేదు.

"తీసుకో దాన్ని, బస్సు కదుల్తాండాది!" అని టీచరు అరిచింది.

"తియ్యను టీచర్. వానొస్తే?"

చెంబు అక్కడే ఉండిపోయింది. ఇంటికొచ్చి చెబితే అమ్మ నవ్వలేదు. "అంత పెద్ద ఇంటికి చెంబు యాడ సాలుతాదే?" అంది.

ఇప్పుడు కూడా ఆ సింహం కింద మోరీయే ఉంది. ఎవరైనా ఏమైనా అడగాలా అన్నాడు గైడు.

చెయ్యెత్తాను.