టీచరమ్మ సంచిలో గెలుపు

హో సుత్ మూయ్ టీచరమ్మకు ఒకటే అలవాటు. మకావులో ఎంత ఖరీదైన విలాసాల హోటలైనా సరే, తిన్నగా లోపలికి వెళ్ళి, జూదం బల్లల మధ్య నిలబడి, సంచిలోంచి పుస్తకం తీసి పైకి చదువుతుంది.

ఇందులో నవ్వడానికేముంది అనేవాళ్ళకు మా భాష రాదన్నమాట. మా కాంటనీస్‌లో పుస్తకమన్నా ఓటమన్నా చెవికి ఒకటే మాట. ఆడేవాడి వెనక పుస్తకం తెరవడమంటే, పెళ్ళికొడుకు గడప దాటుతుంటే తుమ్మడమే. ఆ మాటకు జడిసి, పేరులో పుస్తకమన్న మాటున్న పంచాంగానికి కూడా ‘అంతా గెలుపు’ అని పేరు మార్చుకున్న జనం మేము. అలాంటి ఊళ్ళో ఈవిడ జుట్టు నెరిసేదాకా బడిపంతులమ్మగా పనిచేసింది.

“ఈ ఊళ్ళో సగంమందికి ఓడిపోవడం నేర్పింది నేనే” అని చెప్పుకుని మురిసిపోయేది.

పొద్దున్నే చేపముక్కల గంజి తాగి వీధి మొగలో నిలబడేది. హోటళ్ళ వాళ్ళు నడిపే ఉచిత బస్సుల్లో ఏది ముందొస్తే, ఆ రోజుకు అదే ఆవిడ బడి. తనిఖీకొచ్చిన అధికారిలా ప్రతి హోటల్‌కూ ఓ మాట అనేది. “ఇక్కడ కుర్చీలు మరీ మెత్తన. పిల్లలు నిద్రపోతారు.” “ఇక్కడ పాలరాయి బాగుంది గానీ నల్లబల్ల పెట్టే చోటే లేదు.”

అయితే కిందటి చలికాలం నుంచీ మిగతా బస్సులన్నీ వదిలేసి, ‘ముత్యాల తోట’ హోటల్ బస్సొక్కటే ఎక్కుతోంది. ఆ ముచ్చట ఎక్కువగా బాధించింది కిన్ మాన్‌ను. అతను ఆ హోటల్ ముందు ద్వారానికి సూపర్‌వైజరు, లోపల బల్లల వైపు వెళ్ళే పని పడదు. చిన్నప్పుడు మూడో తరగతిలో ఆవిడ దగ్గర చెవి మెలిపెట్టించుకున్నవాడు.

ముత్యాల తోట కప్పు మీద ఆకాశం ఉంది. రంగులతో వేసినది. అందులో ఎప్పుడూ సాయంత్రమే, ఆ సాయంత్రం ఎప్పటికీ చీకటిపడదు. ఇళ్ళకు వెళ్ళాల్సిన పక్షుల్లా మబ్బులు కదలకుండా ఆగిపోయి ఉంటాయి. దాని కింద కూర్చున్నవాళ్ళకు ఇల్లు గుర్తు రాదు.

ద్వారం దగ్గర గార్డు సియో రోజూ అడిగేవాడు.

“సంచిలో ఏముంది టీచరమ్మా?”

“పుస్తకం.”

గార్డు చెవులు మూసుకునేవాడు. “తల్లీ, ఆ మాట అనకండి. గెలుపు అనండి.”

“సరే నాయనా. మూడో తరగతి గెలుపు.”

అతను నమోదు పట్టీలో బుద్ధిగా రాసుకునేవాడు: ఒక పెద్దావిడ, ఒక గెలుపు.

లోపల టాక్సీ డ్రైవరు చియోంగ్ పేకముక్కను అంచు పట్టుకుని, ఊపిరి బిగబట్టి, మెల్లగా వంచి చూస్తుంటాడు. వెనక నుంచి గొంతు వినబడుతుంది.

“వాన వెలిసింది. నత్త బయల్దేరింది. చియోంగ్, నత్త ఎక్కడికి బయల్దేరింది?”

బట్టతల వచ్చిన ఆ మనిషి ఉలిక్కిపడి లేచి, చేతులు కట్టుకుంటాడు. “ఇంటికి టీచర్.”

“మరి నువ్వు?”

బల్ల చుట్టూ ఉన్నవాళ్ళు తిట్టుకుంటూ చెల్లాచెదురవుతారు. చియోంగ్ తల గోక్కుంటూ టాక్సీ దగ్గరికి నడుస్తాడు.

ఒకరోజు మేనేజరు పాన్ కిన్ మాన్‌ను పిలిచాడు.

“పెద్ద ఆటగాళ్ళు మొత్తుకుంటున్నారయ్యా. ఆవిడొస్తే రానీ, ఊరి పెద్దమనిషి. కానీ ఆ పుస్తకం లోపలికి రాకూడదు. రేపు నా కంటబడిందా, నీ కుర్చీలో ఇంకొకడుంటాడు.”

ఆ కుర్చీ మీదే కిన్ మాన్ ఇల్లు నడుస్తోంది. తండ్రికి ఒకప్పుడు నూడుల్స్ కొట్టుండేది. దాన్ని ఇలాంటి బల్లల మీదే పోగొట్టి, మళ్ళీ పేకముక్క ముట్టనని భార్యకు మాటిచ్చాడు. అప్పటి నుంచీ రోజూ పొద్దున పంజరంలో పాటపిట్టను పట్టుకుని గియా కొండెక్కుతాడు. భోజనం వేళకు ముఖం మాడ్చుకుని దిగుతాడు.

“పిట్ట పాడలేదా నాన్నా?” అంటే, “పాడనిస్తేగా” అని విసుక్కుంటాడు.

“కొండగాలి పడటం లేదు ఆయనకు” అంటుంది తల్లి.

మర్నాడు కిన్ మాన్ ద్వారం దగ్గర తలొంచుకుని నిలబడ్డాడు.

“టీచర్, నన్ను క్షమించాలి. అది ఇవాళ నా దగ్గర వదిలెయ్యండి.”

వాదిస్తుందనుకున్నాడు. ఆవిడ పుస్తకం తీసి అతని చేతిలో పెట్టింది.

“పేజీ మూల మడిచి ఉంది. గట్టిగా చదువు. నువ్వు చిన్నప్పటి నుంచీ మాట చివర మింగేస్తావు.”

“నేను చదవను టీచర్. దాచిపెడతాను.”

“ఏడో బల్ల మీదుగా వెళ్ళి దాచిపెట్టు. నేను బయట పాల టీ తాగుతూ ఉంటా.”

పుస్తకాన్ని కోటులో దాచుకుని వెళ్తుంటే సామాన్లు భద్రపరిచే గదిలోంచి కూత వినబడింది. అక్కడి పిల్ల మేయ్ కేయ్ గింజలు వేస్తోంది, గుడ్డ కప్పిన పంజరంలోకి.

“ఇదెవరిది?”

“రోజూ ఓ ముసలాయన వదిలి వెళ్తాడు అన్నా. ఎక్కువసేపేం కాదులే. టీచరమ్మ లోపలికి వెళ్ళిందంటే చాలు, తిట్టుకుంటూ పరిగెత్తుకొచ్చి తీసుకుపోతాడు. పాపం, ఇవాళ ఆవిడ రాలేదుగా.”

గుడ్డ మీద అతుకు తన తల్లి వేసినదే. తన పాత చొక్కా ముక్క.

కిన్ మాన్‌కు నవ్వు రాలేదు, కోపమూ రాలేదు. కాళ్ళు మాత్రం ఏడో బల్ల వైపు నడిచాయి. ఆరిపోని ఆ సాయంత్రం కింద, ఎర్రబడ్డ చెవులతో, తండ్రి పందెం బిళ్ళలు ముందుకు తోయబోతున్నాడు. పక్కవాళ్ళెవరో, “కానీయ్ మామా, ఇవాళ ఆ పీడ రాలేదు” అంటున్నారు.

కోటులోంచి పుస్తకం బయటికి తీశాడు. దూరంగా మేనేజరు వీపు కనబడుతోంది. అది ఇటు తిరిగితే తన కుర్చీ పోతుంది. మూల మడిచిన పేజీ తెరిచాడు.

“వాన వెలిసింది. నత్త బయల్దేరింది.”

మాట చివర మింగలేదు. బల్ల చుట్టూ జనం లేచి వెళ్ళిపోయారు. తండ్రి చెయ్యి బిళ్ళల మీద ఆగింది. వెనక్కి తిరగకుండానే, “వచ్చావా తల్లీ” అన్నాడు విసుగ్గా. తర్వాత తిరిగాడు.

“నువ్వా?”

“నత్త ఎక్కడికి బయల్దేరింది నాన్నా?”

తండ్రి ఏనాడూ బడి మొహం చూడలేదు. కానీ చలికాలం నుంచీ విని విని ఆ పాఠం కంఠతా వచ్చేసింది. బిళ్ళలు జేబులో వేసుకుని కుర్చీ దిగాడు.

“ఇంటికి” అన్నాడు. “మీ అమ్మకు చెప్పకురా, చేతిలో పుస్తకం పట్టుకుని తిరుగుతున్నావని. దడుచుకుంటుంది.”

“పుస్తకం కాదు నాన్నా. గెలుపు.”

మధ్యాహ్నం మేనేజరు అడిగాడు. “స్వాధీనం చేసుకున్నావా?”

“నా దగ్గరే ఉంది సార్. చెయ్యి వదలను.”

“శభాష్.”

మర్నాడు పొద్దున బస్సు దిగిన టీచరమ్మ సంచి మళ్ళీ బరువుగా ఉంది. కిన్ మాన్ ద్వారం దగ్గర ఎదురొచ్చాడు.

“మళ్ళీ ఏమిటి టీచర్ ఇది?”

“మీ నాన్న మూడో తరగతి పాసయ్యాడటగా. పిట్టతో కొండెక్కుతుంటే చూశాను, నిజం కొండే. ఇక నీ మేనేజరు సంగతి చూడాలి. పొరుగు హోటల్లో ఆడుతున్నాడని వాళ్ళావిడ కళ్ళనీళ్ళు పెట్టుకుంది.” సంచి సర్దుకుంది. “చదువుకున్నవాడు కదా, నాలుగో తరగతిది తెచ్చాను.”